ఆరో గింజ

మా అన్న దుకాణంలో పాత చెక్క బీరువాలు తీసేసి ఇనుప రాకులు పెట్టిస్తున్నాడని తెలుసు గానీ, ఆ బీరువాల్లో ఒకదాని అడుగున మా చిన్నప్పటి యుద్ధమంతా రేకు డబ్బాలో పడుకొని ఉందని నాకు తెలియదు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నేను బీరకాయలు చెక్కు తీస్తుంటే, మా అమ్మాయి కూతురు మేఘన ఆ డబ్బా తెచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టింది. "అమ్మమ్మా, తాత ఇచ్చిండు. 'మీ అమ్మమ్మ ఓడిపోయిన యుద్ధం ఇది, జాగ్రత్తగ ఇయ్యి' అన్నడు" అని నవ్వింది. మూత తీసింది. లోపల గుండీలు, సుద్దముక్కలు, కాగితంలో చుట్టిన ఐదు చింతగింజలు. ఒక మూలకు అగ్గిపెట్టె. ఆ అగ్గిపెట్టెలో ఏముందో తెరవకుండానే నాకు తెలుసు. ఆరో గింజ. ఆ పెట్టెను చూడగానే నా చేతిలో చాకు ఆగిపోయింది. ఎందుకంటే ఆ గింజతో నేను మా అన్నను మోసం చేశాను. ఆ మోసం వల్లే ఆయన ఆపరేషనుకు పోయాడని, చచ్చి బతికాడని, యాభై ఏళ్ళకు పైగా లోపల్లోపల కుములుతూ వచ్చాను. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, పిల్లలు ఒక్క మార్కు దిద్దుకున్నా చెవి మెలిపెట్టిన మనిషిని. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మేఘనకు ఆ డబ్బాతో పని పడింది. ఆమె, ఆమె స్నేహితులిద్దరు కలిసి హనుమకొండలో ఒక అద్దె గదిలో బల్ల మీద ఆడే యుద్ధపు ఆట తయారుచేస్తున్నారు. అట్ట మీద గీసిన కోట, చిటికెన వేలంత సైనికులు, ఎనిమిది ముఖాలవీ ఇరవై ముఖాలవీ రంగురంగుల పాచికలు. ఇదొక ఉద్యోగమా అని మా అల్లుడు గొణుగుతుంటాడు గానీ, నాకు మాత్రం ఆ పిల్ల చేసేది చూస్తుంటే కడుపు నిండినట్టు ఉంటుంది. సైన్యం సైన్యం తలపడే లెక్క వాళ్ళకు కుదిరిందట. కోటగోడ మీద ఇద్దరు నాయకులు ఒంటరిగా ఎదురుపడితే ఏం జరగాలన్న దగ్గరే ఆట చతికిలపడుతోందట. "ఒక్కసారి వేసి తేలిస్తే లాటరీ లెక్కున్నది అంటున్రు అమ్మమ్మా. పదిసార్లు వేయిస్తే మిగిలినోళ్ళు ఫోన్లు చూసుకుంట కూసుంటున్రు. మీరిద్దరు దీనికి మస్తు రూల్ కనిపెట్టిన్రట గదా, తాత చెప్పిండు" అంది. నాకు నవ్వొచ్చింది. సరిగ్గా ఆ రెండు గోతుల్లోనే మేమూ పడ్డాం, అదీ షాబాదు బండల మీద.

మా ఇల్లు వరంగల్ బజారులో దుకాణం వెనకాలే ఉండేది. ముందు గది దుకాణం, గాజులు, గుండీలు, దారపు ఉండలు, లేసులు. దాన్ని దాటితే నడిల్లు, ఆ వెనక బావి ఉన్న వాకిలి. నడింట్లో నల్లటి షాబాదు బండలు పరిచి ఉండేవి. అమ్మ రోజూ పొద్దున్నే వాటిని తడిగుడ్డతో తుడిచేది. ఎండాకాలం ఒళ్ళు ఆనిస్తే లేవబుద్ధి కాదు. చింతపండు కాలం వచ్చిందంటే ఇల్లంతా పులుపు వాసన. నాయనమ్మ కాళ్ళు చాపుకొని కూర్చుని, ఒళ్ళో రాయి పెట్టుకొని, చిన్న ఇనుప కడ్డీతో పండు కొట్టి గింజ తీసేది. కొట్టడంలో ఆమెకొక తాళం ఉండేది, ఆ తాళం ఆగిందంటే ఆమె నిద్రపోయినట్టు లెక్క. గింజలు పారేయనిచ్చేది కాదు, వేయించి పొట్టు తీసి నమిలేది. అరవై దాటినా పళ్ళు ఒక్కటి కదల్లేదు ఆమెకు. మేం గింజలెత్తుకుపోతే మాత్రం, "నా గింజలన్ని యుద్ధానికే పోతున్నయి. నేనేం నమలాలె, మీ తలకాయనా?" అని కడ్డీ చూపించేది.

యుద్ధం ఎందుకు మొదలైందంటే, మా అన్న సత్తెయ్య మంచం పట్టినందుకు. ఆయనకు అప్పుడు పద్నాలుగు, నాకు పదకొండు. ఖిలాలో మట్టికట్ట మీద దోస్తులతో పరుగు పందెం పెట్టుకొని జారి పడ్డాడు, తొడ ఎముక విరిగింది. అప్పట్లో దవాఖాన కంటే ముందు కట్టు కట్టేవాడు గుర్తొచ్చేవాడు అందరికీ. మరిపెడ దిక్కు ఒక ఊళ్ళో చేయి తిరిగిన మనిషి ఉన్నాడంటే బాపు ఎడ్లబండి కట్టించుకొని తీసుకుపోయాడు. వెదురుబద్దలు, కోడిగుడ్డు సొన, ఏవో ఆకుల పసరు. అన్న అరుపులు బండి వెనక కూర్చున్న నా చెవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. మూడు నెలలకు కట్టు విప్పితే ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. కాలు కింద ఆనదు. నిలబడితే పాదం పక్కకు తిరిగిపోయేది. అప్పట్నుంచి నడింట్లో బొంత పరుచుకొని పడుకోవడమే ఆయన పని. బడి పోయింది, దోస్తులు మొదట్లో వచ్చారు, తర్వాత వాళ్ళ ఆటలు వాళ్ళవి.

ఆ బండలే మా యుద్ధభూమి. ఒక్కో బండ ఒక్కో గడి. దుకాణంలో అమ్ముడుపోని గుండీలు సైన్యం. చొక్కా గుండీలు కాల్బలం, రవికె హుక్కులు గుర్రాలు, పెద్ద కోటు గుండీ సర్దారు. అన్నది నల్ల సర్దారు, నాది ఎర్ర సర్దారు. పాచికల బదులు చింతగింజలు. గింజను ఒక పక్క బండకేసి రుద్దితే నల్లపొట్టు పోయి తెల్లగా బయటపడుతుంది. అలా ఐదు గింజలు గుప్పిట్లో పట్టి కింద వేస్తే ఎన్ని తెల్లవి పైకి తేలాయో అంత బలం. మధ్యాహ్నం భోజనానికి బాపు దుకాణం లోంచి వచ్చేటప్పుడు ధోవతి అంచు పైకి పట్టుకొని సైన్యాల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులేస్తూ, "ఎందాకొచ్చిందిరా యుద్ధం?" అని అడిగేవాడు. ఒక్కసారి కూడా మా గుండీ ఒక్కటి కదిలించలేదు. అమ్మకు మాత్రం అంత ఓపిక లేదు. అన్నం గిన్నె తెచ్చి సరిగ్గా నా గుర్రాల మీదే దించేది.

సైన్యాల లెక్క త్వరగానే తేలింది. ఇద్దరు సర్దార్లు ఒకే బండ మీదికి వస్తేనే చిక్కు. మొదట మేం పెట్టుకున్న నియమం చాలా సులువు. ఇద్దరూ ఒక్కోసారి గింజలు వేయాలి, ఎక్కువ తెల్లలు పడ్డవాడు గెలిచినట్టు. మొదటి రోజే అన్న అలిగాడు. "గిదేం కొట్లాటనే? నా సర్దారు ఏడు బండలు దాటొచ్చింది చీటీ తియ్యనీకా?" నిజమే కదా. అందుకని ఒక్కో సర్దారుకు ఐదు ఊపిరులిచ్చాం. బండ మీద సుద్దతో ఐదు గీతలు, దెబ్బ తగిలితే ఒక గీత చెరిపేయాలి. దెబ్బ తిన్నవాడి బలం తగ్గాలి గదా అని, ఊపిరి పోయినప్పుడల్లా ఒక గింజ కూడా తీసేశాం. చూడ్డానికి న్యాయంగా ఉంది, ఆడితే చావుగా ఉంది. మొదటి దెబ్బ ఎవడు తింటాడో వాడి పని అయిపోయేది, ఆ తర్వాతంతా శవయాత్రే. నాలుగు రోజులాడి విసిగిపోయాం. "పడ్డోనికి ఏదో ఒకటుండాలెనే. లేకుంటే వాడెందుకు ఆడుతడు?" అన్నాడు అన్న, మోకాలి మీద చెయ్యి పెట్టుకొని. అప్పుడు నాకు అది ఆట గురించిన మాటే అనిపించింది.

ఆ ఎండాకాలమంతా మేం చేసింది అదే, పడ్డవాడికి ఏమివ్వాలని ఆలోచించడం. గింజలు తీసేయడం మానేశాం. గింజలు వేసేముందు ఇద్దరూ గుప్పిట బిగించి చాపాలి. గుప్పిట్లో సుద్దముక్క ఉంటే కొట్టడం, ఖాళీగా ఉంటే కాచుకోవడం. ఒక్కసారే తెరవాలి. ఇద్దరూ కొడితే తెల్లలు తక్కువ పడ్డవాడికి ఊపిరి పోతుంది, సమానమైతే మళ్ళీ వెయ్యాలి. ఒకరు కొట్టి ఒకరు కాచుకుంటే, కొట్టినవాడికి రెండు తెల్లలు ఎక్కువ పడితేనే దెబ్బ తగిలినట్టు, లేకపోతే కొట్టినవాడికే ఊపిరి పోతుంది. ఇద్దరూ కాచుకుంటే ఏమీ లేదు, నాయనమ్మ "కొట్టుకోండ్రి సావుండ్రి" అని తిట్టడం తప్ప. దాంతో ఆటకు ప్రాణం వచ్చింది. గింజలు చూడ్డం మానేసి ఒకరి మొహం ఒకరం చూసుకోవడం మొదలుపెట్టాం. అన్న అబద్ధమాడేటప్పుడు ముక్కుపుటాలు అదిరేవి. నేను అబద్ధమాడేటప్పుడు ఏమవుతుందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, చెబితే సర్దుకుంటానని.

ఆఖరుగా వచ్చిందే ఆరో గింజ నియమం. ముందుగా ఎవరి సర్దారు ఆఖరి ఊపిరికి వస్తాడో వాడికి ఆ పోరు అయ్యేదాకా ఒక గింజ ఎక్కువ. అది అన్న ఆలోచనే. ఆ గింజ తయారుచేసే పని నాది, ఎందుకంటే వాకిట్లోకి పోయి రుద్దుకొచ్చేది నేనే. ఇంకొక నియమం కూడా ఉండేది, దాన్ని మేం గింజమాట అనేవాళ్ళం. గింజలు ఏం చెబితే అదే. అమ్మ చెప్పినా మారదు, దేవుడు చెప్పినా మారదు. రేపు దుకాణంలో ఎవరు కూర్చోవాలి, నాయనమ్మకు కాళ్ళు ఎవరు పట్టాలి, అన్నీ గింజమాట మీదే నడిచేవి.

ఆ రోజుల్లోనే పట్నం నుంచి మా మేనమామ ఒక డాక్టరు చెప్పిన మాట మోసుకొచ్చాడు. వంకరగా అతికిన ఎముకను మళ్ళీ విరిచి, లోపల ఇనుప కడ్డీ పెట్టి సరిచేస్తారట. నడుస్తాడట. ఇప్పుడు చేస్తేనే, పెద్దయితే కష్టమట. మళ్ళీ విరవడం అన్న మాట వినగానే అన్న మొహం సున్నం కొట్టినట్టయింది. "నేను పోను. సంపినా పోను" అన్నాడు. అమ్మ ఏడ్చింది, బతిమాలింది. మామ కోప్పడ్డాడు. బాపు మాత్రం బొంత పక్కన కూర్చుని అన్న కాలి మీద దుప్పటి సర్దాడు. చివరికి, "వాని కాలు. వానికి ఇష్టం లేంది నేను చెయ్య" అన్నాడు. మెత్తటి మనిషి. ఆ మెత్తదనం మీద నాకు జీవితంలో మొదటిసారి కోపమొచ్చింది ఆ రోజే. ఇంటి నిండా మనుషులున్నారు, ఒక్కరికీ అన్నను ఎత్తుకుపోయే ధైర్యం లేదు. ఇలాగే ఉంటే అన్న ఇక ఆ బొంత మీదే పెద్దవాడవుతాడు, నాకు అంత మాత్రం తెలుస్తోంది.

రెండు రోజులు గడిచాక అన్నే అన్నాడు, పొద్దున చద్దన్నం తింటూ. "సరోజా, సర్దార్ల కొట్లాట ఒకటి పెడదాం. నల్లది గెలిస్తే పోత. ఓడితే ఇగ ఈ ముచ్చట ఇంట్ల ఎవ్వలు ఎత్తొద్దు. గింజమాట." నేను సరేనన్నాను. లేచి చెయ్యి కడుక్కున్నాను.

కావాలని ఓడిపోవచ్చు కదా అని మీరనొచ్చు. కుదరదు. అంతకు ముందొకసారి జాలిపడి ఓడిపోతే అన్నకు వెంటనే తెలిసిపోయింది. గుండీలన్నీ చెయ్యితో ఊడ్చేసి, "నేను కుంటోన్నని దయ జూపుతున్నవా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. కాబట్టి నేను నిజంగానే ఆడాలి, కానీ నల్ల సర్దారే గెలవాలి. మిగిలింది ఒక్కటే దారి. ఆరో గింజ. అన్న ముక్కుపుటాలు నన్ను గెలిపించేవి కాబట్టి ముందుగా ఆఖరి ఊపిరికి వచ్చేది ఎక్కువగా ఆయనే, ఆ గింజ ఆయన చేతికే పోతుంది. బావి దగ్గర బట్టలుతికే రాతి మీద కూర్చుని దాన్ని రుద్దాను. మిగతా గింజలు పొట్టు పోయేంతవరకే రుద్దినవి. దీన్ని సగం దాకా అరగదీశాను. తెల్లదనం ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువసార్లు తెల్లగా పడుతుందని నా పదకొండేళ్ళ బుర్రకు అనిపించింది. వేళ్ళ చివర్లు మంటపుట్టాయి. చేసేది తప్పని తెలుసు. గింజమాటను అరగదీస్తున్నానని తెలుసు. అయినా ఆపలేదు. లంగా అంచుకు తుడిచి అగ్గిపెట్టెలో పెట్టుకొని లోపలికి పోయాను.

నిజంగానే ఆడాను, ఒట్టు. అన్న ముక్కుపుటాలు చూశాను, రెండుసార్లు పట్టుకున్నాను. నల్ల సర్దారుకు ఒక్క ఊపిరి మిగిలింది, నాకు రెండు. అన్న అగ్గిపెట్టె తెరిచి ఆరో గింజ తీసుకున్నాడు. ఆ విడత గెలిచాడు. నాకూ ఒక్కటే గీత మిగిలింది. గుప్పిళ్ళు తెరిచాం, ఇద్దరి చేతుల్లోనూ సుద్ద. నేను ముందు వేశాను, మూడు తెల్లలు. నాయనమ్మ కడ్డీ ఆగింది, ఈసారి నిద్రపోయి కాదు. అన్న ఆరు గింజలూ కళ్ళు మూసుకొని వేశాడు. ఐదు ఆగాయి, మూడు తెల్లవి. ఆరోది బండ సందులో తిరిగి తిరిగి, ఒక పక్క ఒరిగి, తెల్లగా నిలబడింది. అన్న కళ్ళు తెరిచి దాన్ని చూశాడు. తర్వాత తల దుకాణం వైపు తిప్పి, "బాపూ, మామకు జాబు రాయి" అని అరిచాడు. అరుపులో ఏడుపుంది.

ఆపరేషనైంది. గాయం చీము పట్టింది. మళ్ళీ కోశారు. పట్నంలో అన్న దగ్గరున్న బాపు రాసే ప్రతి కార్డులోనూ జ్వరం ఇంకా దిగలేదనే. నాయనమ్మ నాచేత చదివించుకునేది. నేను చదివి, కార్డు దేవుడి గూట్లో పెట్టి, గింజ నేనే అరగదీశానని దేవుడికి చెప్పుకునేదాన్ని. నలభై రోజులు. అన్న చచ్చిపోతే చంపింది నేనే అనుకున్నాను, వేరే మాట ఎందుకు. చావలేదు. కాలు నిటారుగా వచ్చింది, రెండు వేళ్ళ మందం పొట్టిగా వచ్చింది. ఆ కాలికి ఎత్తు మడమ చెప్పు. నడిచాడు, సైకిల్ తొక్కాడు, పెళ్ళాడాడు, దుకాణాన్ని బాపు కంటే బాగా నడిపాడు. మంచే జరిగింది కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కానీ ఒకసారి మా చిన్నబ్బాయి అపెండిక్స్ ఆపరేషన్ అని భయపడుతుంటే, అన్న వాడి మంచం పక్కన కూర్చుని, "ఇదేముందిరా! నా నలభై రోజులు పగోనికి గూడ రావద్దు" అన్నాడు. ఆ మాట నన్ను కోసింది. ఆ నలభై రోజులు ఆయనకు ఇచ్చింది ఎవరు? నిజాయితీగా పడ్డ గింజ కాదు, నేను.

ఇదంతా తెలియని మేఘన బల్ల మీద బీరకాయ పొట్టు పక్కకు నెట్టి గింజలు పరిచింది. "ముందు సీడ్స్ ఫెయిరా కాదా చూద్దాం. ఒక్కోదాన్ని వందసార్లు వేస్త, నువ్వు రాసుకో" అంది. "అవసరమా? ఆట ఎట్ల ఆడుతరో చెప్త, అది రాసుకో" అన్నాను. "అమ్మమ్మా, లెక్కల టీచర్‌వి నువ్వే గిట్ల అంటే ఎట్ల?" అంది. కాగితం మీద గీతలు పెట్టడం మొదలుపెట్టాను. మొదటి ఐదు గింజలూ అటూ ఇటూగా సగం తెల్లవి, సగం నల్లవి. ఆశ్చర్యమేమీ లేదు. తర్వాత ఆమె అగ్గిపెట్టె తెరిచింది. నేను తల వంచుకొని గీతలు పెడుతున్నాను. నలుపు, నలుపు, తెలుపు, నలుపు, నలుపు. గీతలు తప్పు వరసలో పెడుతున్నానేమో అనుకున్నాను. నలుపు, తెలుపు, నలుపు, నలుపు. వంద అయ్యేసరికి తెల్లవి నలభై కూడా లేవు. "మళ్ళ వెయ్యి" అన్నాను. మళ్ళీ వేసింది. ఇంకా తక్కువ. "ఇగో, నాకియ్యి" అని లాక్కొని నేనే వేశాను. నా చేతిలోనూ అదే.

అప్పుడు గింజను వేళ్ళ మధ్య పట్టుకొని చూశాను. చూస్తే చాలు, తొమ్మిదో తరగతి పిల్ల కూడా చెబుతుంది. తెల్లవైపు రుద్దిన కొద్దీ అటుపక్క చదునవుతుంది. చదునైన పక్క నేలకు అతుక్కుంటుంది. గుండ్రంగా ఉన్న నల్లవైపు పైకి తేలుతుంది. తెల్లదనం పెంచానని నేను సంబరపడ్డానుగానీ, పెంచింది నల్లగా పడే గుణాన్ని. అన్నను గెలిపించడానికి రుద్ది రుద్ది ఆయన గింజను నేనే చెడగొట్టాను. అయినా ఆ రోజు అది తెల్లగా పడింది. నేను పెట్టిన అడ్డు దాటుకొని పడింది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి లెక్కలు చెప్పిన నేను, ఇంకో గింజను అలాగే అరగదీసి వందసార్లు వేసి చూడటానికి భయపడ్డాను. వేసి ఉంటే ఇరవై ఏళ్ళ వయసులోనే ఈ బరువు దిగిపోయేది. అంత మొద్దును.

"ఏందమ్మమ్మా, ఏడుస్తున్నవ్?" అంది మేఘన హడలిపోయి. అప్పుడు చెప్పాను, మొత్తం. ఆ పిల్ల నోరు తెరుచుకొని విని, చివరికి, "తాతకు తెలుసా?" అంది. "తెల్వదు." "నడు మరి, పోదాం" అని లేచింది. బీరకాయలు అలాగే వదిలేసి ఆటో ఎక్కాం. ఆటోలో ఆమె ఫోనులో మా నియమాలన్నీ ఎక్కించింది, సుద్ద, గుప్పిట, ఊపిరి, అన్నీ. పోచమ్మ మైదాను దాటేలోపు పదివేల పోరాటాలు ఆడించింది. మేం ఒక ఎండాకాలమంతా మోకాళ్ళు అరగదీసుకొని తెలుసుకున్నది ఆ ఫోను రెండు నిమిషాల్లో చెప్పింది. ఆరో గింజ మంచిదైతే పడ్డవాడు లేచే వీలు బాగానే ఉందట, చాలా మంచి నియమమట. "మేం గిది వాడుకుంటం అమ్మమ్మా, పర్మిషన్ తాతను అడుగుత" అంది. ఒక్క విషయంలో మాత్రం ఈ కాలం పిల్లలను చూస్తే కళ్ళు కుడతాయి నాకు. ఏ అనుమానమొచ్చినా వెంటనే వేసి చూస్తారు. మేం అనుమానాలను డబ్బాలో పెట్టి మూత బిగించేవాళ్ళం.

అన్న దుకాణం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని రాకులు బిగించేవాళ్ళ మీద అరుస్తున్నాడు. మా వదిన లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగలేదు. నిలబడే చెప్పాను, లేకపోతే ధైర్యం చాలదని. గింజను అరగదీసిన సంగతి, ఎందుకు అరగదీసిందీ, ఈ పొద్దున వందసార్లు వేస్తే ఏం తేలిందీ. అన్న మొహంలో ఏ మార్పూ లేదు. రాకులవాళ్ళను చెయ్యెత్తి ఆపాడు. కుర్చీ నా వైపు తిప్పుకున్నాడు. ఈ వయసులో చెంపదెబ్బ తింటానేమో అనిపించింది.

"అంటే ఆ గింజ చెడిపోయిన గింజ?" అన్నాడు.

"ఔ అన్నా."

"అది తెల్లగ పడదు?"

"పడుతది. తక్కువసార్లు పడుతది."

"అయినా గెల్చిన్నా నేను?"

"గెల్చినవ్."

అన్న కుర్చీలో వెనక్కి వాలాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ రోజు గింజలేస్తప్పుడు కండ్లు మూసుకున్న, యాదికున్నదా? తెల్లగ పడాలె తెల్లగ పడాలె అని మొక్కుకున్ననే. పోవాలనే ఉండె నాకు. ఎముక ఇరుస్తరంటే పానం వణికింది. పోతనని నోటితోటి చెప్పనీకి చాత కాలే. గింజ చెప్తే పోదామనుకున్న." గొంతు పెంచి, "యాభై ఏండ్లాయె గదనే! నన్ను ఒక్కసారి అడిగితే ఏం పోయేది నీకు? నలభై రోజులు ఆ మంచంల పడి నేనేమనుకున్ననో ఎరికేనా? గెల్చొచ్చిన, గెల్చినోడు సావడు అనుకున్న. దాని మీద బతికిన."

వదిన వేసిన కుర్చీలో కూలబడ్డాను. గుండె మీది నుంచి బండ దొర్లినట్టయింది అంటారే, అంతకంటే వేరే మాట లేదు. ఏడ్చాను, నవ్వాను. మంచినీళ్ళు గడగడా తాగాను. మేఘన నా వీపు నిమురుతోంది. అన్న అప్పటికే పద్నాలుగేళ్ళ పిల్లాడైపోయాడు. లేచి నిలబడి వదినను పిలుస్తున్నాడు, రాకులవాళ్ళను పిలుస్తున్నాడు, పక్క దుకాణం ఆయన్ను కూడా కేకేస్తున్నాడు.

"ఇన్నరా? మా చెల్లె నన్ను గెలిపియ్యాలని మోసం జేసిందట. అది గూడ దీనికి చాతగాలే! నా అంతట నేనే గెల్చిన!"

అందరూ నవ్వుతున్నారు. నన్ను ఏ పనిలోనైనా చేతకానిదానివంటే ఊరుకున్న రోజు లేదు. హెడ్‌మాస్టర్లతో కొట్లాడాను, మా ఆయనతో కొట్లాడాను. ఆ రోజు మాత్రం కొంగుతో మొహం తుడుచుకొని, బజారంతా వినేటట్టు ఒప్పుకున్నాను.

"ఔ అన్నా. నాకు చాతగాలే."